కచేరీ వినే చెవి, రికార్డు వినే చెవి

(విజయనగరంలో సంగీతాభిమానుల సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలకీ, సంగీత కళాశాల నుంచి వచ్చిన పిల్లలకీ, మా వీధి నుంచి నా కోసమే వచ్చినవాళ్ళకీ నమస్కారం.

"కచేరీలు, రికార్డులు, టీవీ, వీటి గురించి మీకు తోచింది మాట్లాడండి" అన్నారు. నేను పాడేవాణ్ణి కాను. వాయించేవాణ్ణి కాను. వింటాను. ఊహ తెలిసిన దగ్గర్నుంచి వింటూనే ఉన్నాను. కాబట్టి వినడం గురించే మాట్లాడతాను. పాడేవాళ్ళ గురించి మాట్లాడ్డానికి ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వినేవాళ్ళ గురించి ఎవరు మాట్లాడతారు చెప్పండి?

విజయనగరంలో నిలబడి సంగీతం గురించి మాట్లాడుతూ కొన్ని పేర్లు దాటిపోవడం కుదరదు. 1919లో విజయరామ గజపతి గారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ నేర్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చి, జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం తెచ్చుకుని చదువుకున్నారు. సాలూరి చిన్నగురువు గారు, అదే, పట్రాయని సీతారామశాస్త్రి గారు, ఆయనకి గురువు. సుశీల గారు ఈ ఊరి ఆడపడుచు. ఇవన్నీ మీకు తెలిసినవే.

నేను అడిగేది ఇంకొకటి. జోలెతో గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాడికి అన్నం పెట్టిన ఇల్లాళ్ళు ఎవరు? గజ్జె కట్టి దాసు గారు హరికథ చెబుతుంటే కింద కూర్చుని విన్నవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. కానీ వాళ్ళు లేకపోతే ఆ విద్య ఎక్కడ నిలబడేది? మైకులు లేని రోజుల్లో కథ చెప్పడం మొదలుపెట్టిన మనిషి దాసు గారు. అంతమంది జనం మాట పోకుండా వినాలంటే ఆ జనానికి కూడా ఎంత సాధన ఉండాలి! నిశ్శబ్దంగా కూర్చోవడం ఒక సాధన. ఎక్కడ "ఆహా" అనాలో తెలియడం ఒక సాధన. మన తాతలకి అది ఉండేది. మనకి ఉందా? ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ముందు యంత్రం సంగతి చెబుతాను. త్యాగరాజ స్వామి సిద్ధి పొందింది 1847లో. ఎడిసన్ ఫోనోగ్రాఫు చేసింది 1877లో. మధ్యలో 30 ఏళ్ళు. అంటే స్వామి ఎలా పాడారో విన్న యంత్రం ఏదీ లేదు. విన్నది శిష్యులు. వాలాజాపేట వాళ్ళు ఒక రకంగా నిలబెట్టుకున్నారు, ఉమయాళ్పురం వాళ్ళు ఒక రకంగా, తిల్లైస్థానం వాళ్ళు ఇంకో రకంగా. ఒకే కృతికి మూడు పాఠాలు. సంగతులు, అంటే ఒకే వరుసని మార్చి మార్చి పాడే తీరులు, వేరు, కొన్నిచోట్ల ఎత్తుగడే వేరు. మూడూ స్వామివే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ అనే గాయని చేత పాడించారు. పాట అయిపోగానే ఆవిడ తన పేరు ఇంగ్లీషులో చెబుతుంది. ఎందుకు? ఆ ప్లేట్లు అచ్చు వేసేది జర్మనీలో, హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి ఇది ఎవరి పాటో తెలియాలి కదా. ఆ ప్లేట్లకి లక్క వాడేవారు. నిమిషానికి 78 సార్లు తిరుగుతాయి. పది అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. గంటసేపు తోడి రాగం పాడగలిగిన మనిషిని పిలిచి మూడు నిమిషాల్లో ముగించమన్నారు. పైగా అప్పటికి మైకు లేదు. పెద్ద గొట్టంలోకి మొహం పెట్టి గట్టిగా పాడాలి. మెల్లగా పాడితే ఆ సూదికి వినపడదు. 1925 నుంచి కరెంటు రికార్డింగు వచ్చాక గానీ మెత్తని గొంతుకి చోటు దొరకలేదు.

అలాగని నేను రికార్డులకి వ్యతిరేకిని అనుకునేరు. అయ్యో, కాదు. ద్వారం వారు 1964లో పోయారు. ఆయన వయొలిన్ కమాను నేను విన్నది రికార్డులోనే. గరగరమనే ఆ పాత శబ్దం వెనక నుంచి ఆ నాదం వస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కమాను ఎక్కడ నొక్కుతున్నారో, ఎక్కడ వదులుతున్నారో తెలుస్తుంది. ఆ ప్లేటే లేకపోతే ద్వారం వారంటే నాకు ఒక విగ్రహం, ఒక వీధి పేరు. అంతే. ఘంటసాల గారి పద్యం తీసుకోండి. నాటకాల్లో పద్యం పాడాలంటే చివరి వరుస దాకా గొంతు వెళ్ళాలి. అందుకే ఆ రాగాలు అంత పొడుగ్గా, అంత పైన ఉండేవి. మైకు వచ్చాక ఘంటసాల గారు రాగం తగ్గించి, పద్యాన్ని మాట అర్థం తెలిసేలా మెత్తగా పాడారు. మైకు లేకుండా ఆ పద్యం లేదు. మన ఊళ్ళో నేర్చుకున్న శాస్త్రం, మద్రాసు స్టూడియోలో మైకు, ఈ రెండూ కలిస్తే వచ్చిందది. నేను ఆ యంత్రానికి దండం పెడతాను.

మరి బాధ ఏమిటి?

బాధ ఇది. ఒకసారి ఈ ఊళ్ళోనే ఒక కచేరీకి వెళ్ళాను. కళాశాలలో చదివే అమ్మాయి పాడుతోంది. కల్యాణి రాగంలో త్యాగరాజ కృతి. శ్రుతి నిలకడగా ఉంది, సాహిత్యం శుభ్రంగా ఉంది. అనుపల్లవిలో, అంటే పల్లవి తర్వాతి భాగంలో, ఒక సంగతి వేసింది, నేను ఎప్పుడూ వినని సంగతి. చాలా బాగుంది. నా పక్కాయన తల అడ్డంగా ఊపి, "తప్పు పాడుతోందండీ" అన్నాడు. "ఎలా తప్పు?" అన్నాను. ఒక మహా విద్వాంసుడి పేరు చెప్పి, "ఆయన క్యాసెట్‌లో ఇలా లేదు" అన్నాడు. ఆ అమ్మాయి నేర్చుకున్న పాఠాంతరం వేరయి ఉండొచ్చు. ఆమె గురువుకి ఆయన గురువు అలాగే చెప్పి ఉండొచ్చు. ఇందాక చెప్పానే, మూడు శిష్య పరంపరలు, మూడు పాఠాలు అని. నూట యాభై ఏళ్ళు నోటినోటా బతికిన వైవిధ్యం ఇది. ఒక్క క్యాసెట్ విని మిగిలినవన్నీ తప్పు అనేస్తామా?

ఆ క్యాసెట్‌లో పాడిన విద్వాంసుడే ఇంకో రోజు ఇంకోలా పాడి ఉంటాడు. ఆ రోజు రికార్డు చేశారు కాబట్టి ఆ రోజు పాడింది మనకి శాసనం అయిపోయింది. ఆయనకి ఆ రోజు జలుబు చేసి ఒక సంగతి వదిలేశాడేమో! ఎవరికి తెలుసు? పాత 78 ప్లేట్లలో అన్నీ సరిగ్గా 78 వేగంతో తీసినవి కూడా కాదు. ఇప్పుడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వేగం కాస్త పెరిగితే శ్రుతి పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. మనం అది విని "ఆ రోజుల్లో ఎంత పై శ్రుతిలో పాడేవారో" అనుకుంటాం. ఆ శ్రుతికి అందలేదని ఈనాటి పిల్లల్ని తీసిపారేస్తాం.

పిల్లలూ, మీరు రికార్డులు వినండి. ఎన్నయినా వినండి. కానీ ఒక కృతిని ఒకరి దగ్గరే వినకండి. నలుగురి దగ్గర వినండి. ఒక్కటే వింటే అది మీ చెవిలో గోడ కట్టేస్తుంది.

ఇప్పుడు వన్స్‌మోర్ సంగతి చెప్పాలి. ఇది శ్రీకాకుళం వైపు వాళ్ళకి బాగా తెలుస్తుంది, మా అమ్మగారిది అటు వంశధార పక్క ఊరు. జాతరకి రాత్రి నాటకం వేసేవారు. చాపలు పరుచుకుని, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని జనం కూర్చునేవారు. హార్మోనిస్టు శ్రుతి ఇచ్చేవాడు. రాయబారం సీను. కృష్ణుడు పద్యం ఎత్తుకునేవాడు. పద్యం చివర రాగం తీసి ముగించగానే వెనక నుంచి ఒక కేక, "వన్స్‌మోర్!" దాంతో పందిరంతా వన్స్‌మోర్.

మీరు గమనించారా, రెండోసారి ఆ నటుడు ఏం చేసేవాడో? అదే పద్యం, అవే మాటలు. కానీ మొదటిసారి మోహనలో తీసిన రాగాన్ని ఇంకాస్త పెంచేవాడు. మొదటిసారి దాటేసిన మాట మీద ఈసారి నిలబడేవాడు. హార్మోనియం ఆయన ఒక కొత్త దారి చూపించేవాడు, ఈయన ఆ దారి పట్టేవాడు. జనం అడిగారు కదా, ఇక ఆయనకి భయం లేదు. మొదటి పద్యం ఆయన వేసుకొచ్చిన పద్యం. రెండో పద్యం ఆయనా జనమూ కలిసి చేసిన పద్యం. మా మేనమామలు తెల్లారాక కళ్ళాల దగ్గర మాట్లాడుకునేది ఆ రెండో పద్యం గురించే.

ఇప్పుడు ఫోన్లో పాట నచ్చిందనుకోండి, వెనక్కి లాగి మళ్ళీ పెట్టుకుంటాం. అదీ వన్స్‌మోరే. కానీ వచ్చేదేమిటి? అక్షరం మారకుండా అదే. పదిసార్లు అడగండి, అదే. పాడినాయనకి మీరు అడిగారని తెలీదు. మీకు నచ్చిందని తెలీదు. మీరు ఏడ్చినా తెలీదు. రికార్డు ఎంత గొప్పదైనా మన "ఆహా" దానికి చేరదు. కచేరీలో చేరుతుంది. నేను చూశాను కదా, ముందు వరుసలో తాళం వేసుకుంటూ ఒక ముసలాయన తల ఊపితే, భైరవి రాగం ఆపబోతున్న గాయకుడు మళ్ళీ పై షడ్జం, అదే పై 'స', దగ్గరికి వెళ్ళి ఇంకో పావుగంట పాడ్డం. ఆ పావుగంట ఎవరిచ్చారు? గాయకుడా, ముసలాయనా? నన్నడిగితే ఇద్దరూ.

రేడియో గురించి ఒక్క మాట. విజయవాడ కేంద్రం 1948లో వచ్చింది, మన విశాఖపట్నం కేంద్రం 1963లో. 1952 నుంచి శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం ఉండేది. ఇక్కడ కూర్చున్న పెద్దలకి జ్ఞాపకం ఉంటుంది, పొద్దున్నే భక్తిరంజని వినపడని వీధి ఉండేది కాదు. రేడియోలో కూడా మన "ఆహా" చేరదు. నిజమే. అయినా రేడియో వినడంలో కచేరీ గుణం ఒకటి ఉండేది. వెనక్కి తిప్పడానికి లేదు. ఆ వేళకి మనం సిద్ధంగా ఉండాలి. భోజనాలు ముందే కానిచ్చేసి, పిల్లల్ని గదమాయించి, బ్యాటరీలు చూసుకుని కూర్చునేవాళ్ళం. పోతే పోయినట్టే అని తెలిసి వినేవాళ్ళం. ఆ తెలియడం వల్ల చెవి మెలకువగా ఉండేది.

క్యాసెట్లు వచ్చాక చెవి కాస్త బద్ధకించింది. తొంభై నిమిషాల క్యాసెట్ అంటే ఒక వైపు నలభై అయిదు నిమిషాలు. కచేరీలో పొడుగాటి అంశం రాగం తానం పల్లవి, అది సరిగ్గా తానం మధ్యలో టకీమని ఆగేది, తిరగేసి పెట్టుకునేవాళ్ళం. అయినా ఆ క్యాసెట్లే మద్రాసు కచేరీలని మన ఊళ్ళకి తెచ్చాయి. ఫోన్ వచ్చాక ఆగడమే లేదు. ఆలాపన పొడుగ్గా ఉంటే వేలితో పది సెకన్లు ముందుకి తోసేస్తున్నాం. ఫోన్ స్పీకర్లో తంబూర కింది నాదం రాదు. మృదంగం ఎడమ వైపు బరువు రాదు. కుడి వైపు టకటక మాత్రం వస్తుంది. పిల్లలు అదే మృదంగం అనుకుంటున్నారు. దయచేసి ఒక్కసారి మృదంగం వాయించేవాళ్ళకి నాలుగడుగుల దూరంలో కూర్చుని వినండి.

ఇక టీవీ. టీవీని తిట్టడం తేలిక, నేను తిట్టను. 1996లో బాలసుబ్రహ్మణ్యం గారు పాడుతా తీయగా మొదలుపెట్టారు. ఆ కార్యక్రమంలో ఆయన పిల్లల పాట విని ఊరుకునేవారు కాదు. ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఆ మాటలో వత్తు ఎందుకు పలకాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, అన్నీ చెప్పేవారు. పాడే పిల్లలకి చెబుతున్నట్టు ఉండేది గానీ నిజానికి ఇళ్ళల్లో కూర్చున్న మనకి వినడం నేర్పారు. ఎంతమంది గృహిణులు ఆ కార్యక్రమం చూసి "ఇక్కడ శ్రుతి తగ్గింది" అని చెప్పగలిగేవాళ్ళు అయ్యారు! ఇంట్లో మా ఆవిడే సాక్ష్యం. అలాగే త్యాగరాజ స్వామి ఆరాధన రోజు, పుష్య బహుళ పంచమి నాడు, తిరువయ్యారు నుంచి ఆయన పంచరత్న కృతులు ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో అయిదు కృతులు. అంతమంది విద్వాంసులు ఒక్క గొంతుతో, సంస్కృతంలో ఉన్న మొదటిది తప్ప అన్నీ మన తెలుగులో, కావేరి ఒడ్డున! విజయనగరంలో ఇంట్లో కూర్చుని దానితో పాటు గొంతు కలపగలుగుతున్నామంటే అది టీవీ చేసిన మేలు.

కానీ తర్వాత వచ్చిన పోటీలు ఎక్కువభాగం ఎలా ఉన్నాయి? పిల్ల పాడుతుంటే కెమెరా జడ్జీ కళ్ళు చూపిస్తుంది, తల్లి కన్నీళ్ళు చూపిస్తుంది. ఫలితం చెప్పేముందు డప్పుల మోత, టెన్షన్. పాట రెండు మూడు నిమిషాలు. అందులో పై స్థాయి ముక్క ఒకటి ఉండి తీరాలి. దీని ఫలితం ఎక్కడ కనపడుతోందో తెలుసా? సంగీతం నేర్పే ఇళ్ళల్లో. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు కూడా పూర్తి కాని పిల్లని తీసుకొచ్చి, "పోటీకి పనికొచ్చే పాట ఒకటి నేర్పండి" అంటున్నారు. ఆ పిల్ల గొంతు ఇంకా కుదురుకోలేదు. పై స్థాయిలో అరిపించి అరిపించి పదిహేనేళ్ళకే గొంతు బొంగురుపోతే ఎవరు బాధ్యులు? నాకు దీని మీద చాలా కోపం ఉంది. తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, అమ్మా, బాబూ, రెండేళ్ళు ఆగండి. గురువు చెప్పేదాకా ఆగండి.

శాస్త్రీయ కచేరీని టీవీలో చూపించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. గాయకుడు ఒక రాగ ఖండం పాడి ఆపుతాడు. వయొలిన్ ఆయన జవాబు మొదలుపెడతాడు. అప్పుడు మనం చూడాల్సింది వయొలిన్ వేళ్ళు. కెమెరా ఇంకా గాయకుడి మొహం మీదే ఉంటుంది. ఆయన మంచినీళ్ళు తాగడం చూపిస్తుంది. కంటికి ఏది చూపిస్తే చెవి అటే పోతుంది. ఇంట్లో నేను టీవీలో కచేరీ వస్తే కళ్ళు మూసుకుని వింటాను. మీరూ ఒకసారి చేసి చూడండి.

2020 డిసెంబరులో కరోనా వల్ల, మద్రాసులో ఏటా ఆ నెలలో జరిగే సీజన్ కచేరీలు ఆన్‌లైన్‌లో జరిగాయి. ఖాళీ హాల్లో కెమెరాల ముందు పాడారు. శబ్దం అద్భుతంగా ఉంది, దగ్గు లేదు, కుర్చీల చప్పుడు లేదు, పిల్లల ఏడుపు లేదు. నేను చాలా విన్నాను, కృతజ్ఞతగానే విన్నాను. కానీ కృతి అయిపోగానే ఏమీ ఉండేది కాదు. ఒక్క చెయ్యి చప్పుడు కూడా లేదు. గాయకురాలు ఒక క్షణం అలా ఎదురుగా చూసి, తల వంచి తర్వాత కృతికి శ్రుతి చూసుకునేది. ఆ క్షణంలో లేనిది ఎవరు? మనం. నేనూ మీరూ.

కాబట్టి మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. మన ఊళ్ళో కచేరీ అంటే ఆరుకి అని వేస్తారు, మనం ఆరున్నరకి వెళ్తాం. శ్రుతి చేసుకోవడం అయిపోతుంది, మొదట పాడే వర్ణం అయిపోతుంది. శ్రుతి చేసుకుంటున్నప్పుడే వెళ్ళి కూర్చోండి. మృదంగం ఆయన రాయితో తట్టి, సుత్తితో తట్టి సరిచేసుకుంటుంటే మన చెవి కూడా ఆ షడ్జానికి అలవాటు పడుతుంది. రికార్డులో అది కోసేస్తారు, అందుకే మనకి అది కచేరీలో భాగం కాదనిపిస్తుంది. పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలే వాయించే తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోకండి. గంటన్నర నుంచి పక్కన కూర్చుని పాట మోసిన మనిషికి అది ఒక్కటే వంతు. ఆయన మొదలుపెడుతుండగా మనం వీపు చూపిస్తే ఎంత నొచ్చుకుంటాడు!

నిర్వాహకులకి కూడా ఒక విన్నపం. సౌండు తగ్గించండి. రెండు వందల మంది పట్టే హాల్లో రెండు వేల మందికి పెట్టినట్టు బాక్సులు పెడుతున్నారు. వయొలిన్ గీకినట్టు వినపడుతుంది, ఘటం రాయి పగిలినట్టు వినపడుతుంది. మైకు పెట్టే అబ్బాయి సినిమా ఫంక్షన్లకి అలవాటు పడి ఉంటాడు, అతని తప్పేమీ లేదు. కచేరీకి ముందు ఒక విద్వాంసుణ్ణి అతని పక్కన అరగంట కూర్చోబెట్టండి. అతనే నేర్చుకుంటాడు.

ఇప్పుడు మన ముందున్న ఈ అమ్మాయి ఒక కృతి పాడుతుంది. ఏం పాడుతుందో నేను అడగలేదు, మీరూ అడగకండి. హాలు చిన్నదే కాబట్టి మైకు వద్దని కార్యదర్శి గారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఫోన్లు తీసి రికార్డు చెయ్యబోయేవాళ్ళు ఈ ఒక్క కృతికి జేబులో పెట్టుకోండి. బాగున్నచోట లోపల దాచుకోకుండా పైకి అనండి, ఆ పిల్లకి వినపడాలి. రామ్మా, కూర్చో. తంబూర ఇటు పెట్టు.